పదకొండో నంబరు కంప్యూటర్లో పాటలు

మ్యాపులు గీసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ గీతలమ్మ అనేవాళ్లు. పొలాల హద్దులు వెంట్రుకవాసి తేడా రాకుండా గీసేది. మాట తక్కువ. చిన్నప్పుడు పదేళ్లు సంగీతం నేర్చుకుందనీ, ఒకసారి వేదికెక్కి గొంతు పెగలక ఏడుస్తూ దిగిపోయిందనీ, ఆ తర్వాత మనుషుల ముందు పాడనే లేదనీ పక్క సీటు అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ అమ్మాయి ఆమెను నోరారా ‘అక్కా’ అని పిలిచేది. ఆ అమ్మాయి పాపకు జబ్బు చేస్తే, రెండు నెలలు ఆ అమ్మాయి పని కూడా గీతలమ్మే చేసిపెట్టింది.

ఇంట్లో తలుపులు మూసుకుని పాడి, ఫోన్లో రికార్డు చేసుకున్న పాటలు ఇరవై మూడు. మ్యాపులు ఒక గది నుంచి ఇంకో గదికి పంపుకోవడానికి ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్కులో కలిపి ఉండేవి. గీతలమ్మది పదకొండో నంబరు. పాటలన్నీ అందులో పెట్టి, వాటికి పెట్టిన పాస్‌వర్డు పక్క సీటు అమ్మాయికి మాత్రం చెప్పింది. ఆ అమ్మాయి తన సీట్లోనే కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా పెట్టింది.

ఒక మధ్యాహ్నం గీతలమ్మ మ్యాపు కాపీ తెచ్చుకుందామని ప్రింటింగు గదికి వెళ్తే, స్పీకర్లోంచి తన గొంతే వినిపించింది. నలుగురు పని ఆపి వింటున్నారు.

“మీ పక్క సీటమ్మాయే పాడింది” అన్నాడు ప్రింటింగు చూసే పెద్దాయన మురిసిపోతూ. “తన కంప్యూటర్లో చోటు చాలక మీ దాంట్లో దాచుకుందటగా. అడిగినవాళ్లందరికీ పాస్‌వర్డు ఇచ్చింది పాపం.”

గీతలమ్మ మ్యాపు కాపీ తీసుకోకుండానే వెనక్కి తిరిగింది.

సీటు దగ్గరికొచ్చి నిలదీస్తే ఆ అమ్మాయి తలెత్తలేదు. మొదట ఎవరో ఒకరికి వినిపించిందట. నువ్వే పాడావా అంటే ఊ అనేసిందట.

“నువ్వెలాగూ బయటపడవు కదక్కా. ఊరికే పోయే మెప్పు నేను తీసుకుంటే నీకేం తగ్గింది?”

గీతలమ్మ పాస్‌వర్డు మార్చేసింది. అన్ని గదుల్లోనూ పాట ఆగిపోయింది. ఒక్కొక్కరే వచ్చి ఏమైందని ఆ అమ్మాయినే అడగసాగారు. చివరికి ఆ అమ్మాయి ఇటువైపు వంగి, ఈ ఒక్క పూటకి తెరవమని, లేకపోతే పరువు పోతుందని బతిమాలింది.

“పాడింది నువ్వేగా. వాళ్ల ముందు పాడు” అంది గీతలమ్మ.

ఆ అమ్మాయి వారం సెలవు పెట్టి, తిరిగొచ్చాక వేరే గదికి మారిపోయింది. అసలు సంగతి మెల్లగా అందరికీ తెలిసింది. పెద్దాయన వచ్చి, తప్పయిందమ్మా, మళ్లీ ఒక్కసారి వినిపించండి అన్నాడు. గీతలమ్మ చెరిపేశానంది. నిజంగానే చెరిపేసింది. ఏ పాట పెట్టుకున్నా, పక్క సీట్లో తలూపుతూ విన్న ఆ ముఖమే కళ్ల ముందుకొచ్చేది.