పెద్ద మానిటర్ బేరం

నా చిన్నప్పుడు నేను కుదిర్చినంత గొప్ప బేరం పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకెవరూ కుదిర్చి ఉండరు. ఇరవై వేల వస్తువు కొనుక్కురమ్మంటే, దానికంటే పెద్దది పన్నెండు వేలకే తెచ్చాను. అది పనికిరాదన్న సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

షాదీపూర్‌లో మా పక్కింటి అక్క ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీసేది. ఆమె పాత మానిటర్ పాడైపోయింది. వండూర్‌లో కట్టబోయే టూరిస్టు గదుల ప్లాను ఆ వారంలో ఇస్తేనే పని ఆమెది, లేదంటే మద్రాసు ఇంజనీరుకి పోతుంది. సన్న గీతలు కూడా స్పష్టంగా కనిపించే మానిటర్ ఓడలో దిగిందని తెలిసి, దాచుకున్న డబ్బు నా చేతికిచ్చింది. అది అమ్మే షాపు మా నాన్న కిరాణా కొట్టు పక్కదే. పైగా బేరాల్లో నాకప్పటికే పేరుంది.

కొట్లో పెరిగినవాణ్ణి, సైజు చూసి ధర కట్టడమే నాకు తెలుసు. చిన్న తెర ఇరవై వేలు, పక్కనున్న పెద్ద తెర పదిహేను అనేసరికి షాపు భయ్యాకి లెక్క రాదనుకున్నాను. చిన్నదాంట్లో చుక్కలు ఎక్కువ, బొమ్మ నున్నగా వస్తుందని పాపం చెప్పబోయాడు. చుక్కలకి డబ్బులెవరిస్తారని, పెద్దదాన్నే పన్నెండుకి దించాను.

"దేఖో బేటా, వాపసీ లేదు," అన్నాడాయన.

గెలిచినవాడికి వాపసీ ఎందుకు?

అక్క దాన్ని తగిలించి చూసింది. గోడ గీతా కిటికీ గీతా ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. తిట్టలేదు. వంటింట్లోంచి పెద్ద పళ్లెంలో శనగలు, చిన్న పళ్లెంలో బొంబాయి రవ్వ పరిచి తెచ్చి, రెండింట్లోనూ చేపని గియ్యమంది. శనగల్లో గీసింది చేపో పడవో నాకే తెలియలేదు.

"ఇప్పుడు కన్ను పెట్టరా," అంది.

శనగల్లో కుదరలేదు. రవ్వలో అగ్గిపుల్లతో కన్నేం ఖర్మ, పొలుసులు కూడా పెట్టాను.

"పళ్లెం పెద్దదేరా. నాకు డబ్బులిచ్చేది ఆ కన్నుకి."

మర్నాడు మానిటర్ మోసుకుని వెళ్లాం. ధరలు దించే నోటితో బతిమాలుకోవాల్సి వచ్చింది.

"నిన్న పెద్ద సేఠ్‌వి కదా, ఆజ్ క్యా హువా?" అన్నాడు భయ్యా.

దాచకుండా చెప్పాను, తప్పు నాది, పని పోయేది అక్కకని. పదివేలకి వెనక్కి తీసుకున్నాడు. తగ్గిన రెండు వేలు అక్క మా నాన్న దగ్గర చేబదులు తీసుకుని, ఆ చిన్నదే కొంది. ఎందుకో మాత్రం ఆయనకి చెప్పలేదు.

ప్లాను సమయానికి అందింది. వండూర్ పని అక్కకే వచ్చింది, దాని వెనకే ఇంకొన్ని వచ్చాయి. ఇప్పుడు కొట్టు నాది. ఏదైనా కొనడానికి వస్తే, ధర చెప్పే ముందు దేనికి వాడతారని అడుగుతాను. బేరం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఆ రోజు బిల్లు నిజాయితీగా వేస్తే ఇంత: మానిటర్ ఇరవై వేలు, నా తెలివితేటలు రెండు వేలు. మొత్తం ఇరవై రెండు వేలూ కట్టింది అక్క.