కుక్కలు నాకిన పళ్లాలు

మా అమ్మాయి సెల్లో వాయిద్యం నేర్చుకున్న ఇంటిని తలుచుకుంటే ఇప్పటికీ కడిగిన పళ్లెమే మళ్లీ కడుగుతాను.

మాస్టారిది ఇంగ్లండులో జమీందారీ కుటుంబం. మోచేతుల దగ్గర చిరిగిన స్వెటర్ వేసుకున్నా మాటలో దర్జా తగ్గేది కాదు. ఉండేది మాత్రం న్యూజిలాండ్‌లో, మా వెల్లింగ్టన్‌లోనే, కొండవాలు మీద పాత చెక్క ఇంట్లో. అందులో ఆయన, ఆయన భార్య, ఆయన స్నేహితురాలు, భార్యకు పుట్టిన ఐదేళ్ల పాప, మూడు కుక్కలు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకే సోఫాలో కాళ్లు ముడుచుకుని పేపర్ చదువుకునేవారు. వాళ్ల సంసారం వాళ్లిష్టం, నాకెందుకు? నాకు డోకు వచ్చింది వంటింట్లో.

తిన్న పళ్లాలు నేల మీద పెట్టేవారు. కుక్కలు నాకేవి. వాటినే గుడ్డతో ఓసారి తుడిచి అలమరాలో సర్దేసేవారు. అక్కడి కప్పులో నాకు టీ ఇస్తే ఎవరూ చూడకుండా సింకులో పారబోశాను. ఛీ, ఎంగిలి అనేదొకటి ఉంటుందని ఆ వంశంలో ఎవరికీ ఎవరూ చెప్పినట్టు లేదు.

అదీ ఓర్చుకున్నాను. అంత మంచి మాస్టారు మళ్లీ దొరకరు మరి. ఓర్చుకోలేనిది ఇంకొకటి. ఆ ఇంట్లో తిండికి వేళ లేదు. ఆకలైనవాళ్లు వెతుక్కుని తినాలట, పిల్లలకు అదే స్వేచ్ఛట. పాపకేమో అలమరా అందదు. ఒక శనివారం మధ్యాహ్నం కుక్క గిన్నెలోంచి బిస్కెట్ తీసి నములుతూ కనిపించింది.

పాఠం అయ్యాక నేరుగా స్విమ్మింగ్‌కి వెళ్లాలని ఆ రోజు పప్పన్నం డబ్బా తెచ్చుకున్నాం. వరండా మెట్ల మీద కూర్చుని మా అమ్మాయికి ముద్దలు పెడుతుంటే పాప వచ్చి, నా మోకాలికి ఆనుకుని నోరు తెరిచింది. పెట్టాను. మింగకముందే మళ్లీ తెరిచింది.

“మమ్మీ, షి ఈజ్ సో హంగ్రీ. నాది కూడా ఇచ్చెయ్,” అంది మా అమ్మాయి.

అప్పుడే మాస్టారు బయటికి వచ్చారు. నా వేళ్లకేసి చూసి ముక్కు చిట్లించారు.

“చేత్తోనా?” అన్నారు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా. “అదంత శుభ్రం కాదేమో. స్పూన్ తెప్పించనా?”

ఆయన కాళ్ల దగ్గరే ఓ కుక్క పళ్లెం నాకుతోంది. ఆ స్పూన్ ఏ అలమరాలోంచి వస్తుందో నాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది. పాఠాలు పోతే పోనీ అనుకున్నాను.

“వద్దండీ,” అని, ఆయన చూస్తుండగానే ఇంకో ముద్ద కలిపి, నెయ్యి కారుతున్న చేత్తో పాప నోటినిండా పెట్టాను.