ఉయ్యాలో తీసేసిన పాటలు

ఇబ్రహీంపట్నంలో మా కాలేజీలో ఎవరిని కదిపినా ఫైనలియర్ ప్రాజెక్టు ఒకటే చెప్పేవాళ్లు. సినిమా రివ్యూలు పోగేయడం, అవి పొగిడాయో తిట్టాయో కంప్యూటర్‌తో చెప్పించడం. ప్రోగ్రాం నెట్‌లో దొరుకుతుంది, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. అలాంటి ఎత్తిరాత పని నాకు చిన్నప్పటి నుంచీ నచ్చదు. మా అమ్మ పాడే బతుకమ్మ పాటలకు సెర్చ్ ఇంజన్ రాస్తానని కాగితం మీద రాసి ఇచ్చాను.

నా ప్రాజెక్టు చూసే మేడం హయత్‌నగర్ నుంచి వచ్చేవారు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. నా కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అందరూ వెళ్లే దారిలో వెళ్లక నీకెందుకమ్మా ఈ తంటా? ఆ పాటల్ని ఎవరు వెతుకుతారు?"

"మా ఊరి ఆడోళ్లు వెతుకుతరు మేడం."

ఆవిడ నవ్వి సంతకం పెట్టారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఎలాగైనా చేసి చూపించాలని అప్పుడే అనుకున్నాను.

మాది యాచారం అవతల ఒక పల్లె. బతుకమ్మ ఆటలో పాట ఎత్తుకునేది మా అమ్మే. ఆమె ఒక వరుస పాడితే, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగేవాళ్లు అదే వరుస అందుకుంటారు. అందుకే వెనక పాడేవాళ్లకు పాట మొత్తం రాదు, రావలసిన అవసరమూ ఉండదు. మొదలు గుర్తుండదు కానీ, నడుమ ఎక్కడో ఒక ముక్క నాలుక మీద ఆడుతుంటుంది. మొత్తం అమ్మ దగ్గరే ఉంటుంది. ఎండాకాలంలో చింతపండు గింజ తీస్తూ ఆమె పాడిన పాటలన్నీ ఫోనులో రికార్డు చేసి, ఓపిగ్గా టైపు చేసి పెట్టుకున్నాను.

వానలు పడేసరికి అమ్మ గొంతు బొంగురుపోయింది. దవాఖానలో చూపిస్తే, గొంతు లోపల చిన్న కాయల్లాంటివి లేచాయన్నారు. దసరా దాటేదాకా పాడొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

ఆ సంగతి ఊరంతా తెలిసింది. యువజన సంఘం నాయకుడు ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి, "పాట ఎత్తుకునేటోళ్లే లేకపాయె. ఈసారి డీజే బాక్సులు పెడుతం అక్కా, మీకు ఫికర్ లేదు" అన్నాడు. మంచిగానే అన్నాడు. అమ్మ తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి అది మార్కుల కోసం చేసే పని కాదు. ఆ ఏడాది మా ఊళ్లో మా అమ్మ పాటలు వినపడాలి, అంతే.

ప్రోగ్రాం సూత్రం చిన్నదే. పాఠ్యపుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో ఇస్తారే, అలా ఏ మాట ఏ పాటలో ఉందో ముందుగానే రాసి పెట్టుకుంటుంది. ఎవరైనా ఫోనుకు నోటితో నాలుగు మాటలు చెబితే, అవి ఎక్కువగా ఉన్న పాటను పైన చూపిస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు ఏమడిగినా అన్నిటికన్నా పొడవైన పాటే పైకొచ్చి కూర్చుంది. కారణం వెంటనే దొరికింది. ప్రతి వరుస చివరా ఉయ్యాలో ఉంటుంది, నేను అడిగే ముక్కల్లోనూ అదే ఉంది. కొన్ని పాటల్లో చందమామ, కొన్నిట్లో వలలో. ఎన్ని వరుసలుంటే అన్నిసార్లు లెక్కకొస్తాయి. వెతకడానికి పనికిరాని మాటలని పాటలన్నిట్లోంచీ వాటిని తీసి పారేశాను. ఆ తర్వాత ఏది అడిగితే అది టక్కున వచ్చింది. నా అంతటిది లేదనుకున్నాను.

మా పక్కింటి చిన్నమ్మ బట్టలు కుడుతుంది. మనిషి ధైర్యస్తురాలు, గొంతు పెద్దది. అమ్మ బదులు ఆమెను పాట ఎత్తుకోమన్నాను. ఒక సాయంత్రం మా వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చేరితే, ఫోనులో పాట తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొదటి వరుస పాడింది. వెనక సగం మంది ఉయ్యాలో అన్నారు, సగం మంది చందమామ అన్నారు. చప్పట్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ గందరగోళం.

చిన్నమ్మ ఫోను నా చేతిలో పెట్టేసింది. "ఇదేం పాటనే పిల్లా? దరువు యాడబోయింది?"

అరుగు మీద కూర్చున్న అమ్మ నన్ను దగ్గరికి పిలిచి తెర మీది వరుసలు చూసింది. చాలా చిన్నగా మాట్లాడింది.

"గది తీసేస్తే ఏ బాణీల పాడాల్నో ఎట్ల తెలుస్తది బిడ్డా? చప్పట్లు గూడ దాన్నిబట్టే గదా."

చిన్నప్పటి నుంచీ ఆ చప్పట్ల మధ్య పెరిగినదాన్ని, అంత మాట నాకు తట్టలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది. వెతికే చోట ఆ మాటలు వద్దు, నిజమే. చూపించే చోట మాత్రం పాట ఉన్నది ఉన్నట్టుండాలి. అవి రెండూ వేరువేరుగా దాచుకోవాలి. రికార్డులన్నీ మొదటి నుంచి వినేకన్నా అమ్మనే అడగడం నయమనిపించి, మళ్లీ పాటల ముందు కూర్చున్నాను. నేను ఒక్కో పాట మొదటి వరుస చదివితే, అమ్మ పక్కన కూర్చుని ఏ మాట చేర్చాలో చెప్పేది. విసుగు లేకుండా అన్నీ చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం విప్పారింది.

కాలేజీలో చూపించిన రోజు మేడం కాసేపు అవీ ఇవీ అడిగి చూశారు. తర్వాత నాతో కాకుండా ఫోనుతో మాట్లాడినట్టుగా, "పుట్టింటి నుంచి పసుపు చీర" అన్నారు. పాట వచ్చింది. ఆవిడ దాన్ని చివరిదాకా చదివారు. "ఎవరు వెతుకుతారన్నాను కదూ? చిన్నప్పుడు మా వీధిలో విన్న ముక్క, నేనే వెతికాను చూడు" అన్నారు. ఆ మాట విన్నాక బస్సులో ఇంటిదాకా నిలబడే వెళ్లినా కాళ్ల నొప్పి తెలియలేదు.

బతుకమ్మ ఆట బడి ముందు జాగాలో. డీజే బాక్సులు రానే వచ్చాయి. అవి తెచ్చిన ట్రాలీ ఆటో పక్కన ఆగి ఉంది. చిన్నమ్మ దాని దగ్గరికి వెళ్లి, "జర ఆగుండ్రి. మా పాటలు అయినంక చూద్దాం" అని చెప్పి వచ్చింది. ఒక ముసలామె, "అన్నొస్తె చెల్లె తలుపు తియ్యదు, గా పాట తియ్యి" అంది. చిన్నమ్మ ఆ మాటే ఫోనుకు చెప్పింది. పాట వచ్చింది, ఉయ్యాలోతో సహా. ఆమె ఎత్తుకుంది. ఊరంతా అందుకుంది. ఒక పాట వెనక ఒక పాట అడుగుతూనే ఉన్నారు. మా అమ్మ పాటలు, నా ప్రోగ్రాం. ట్రాలీ వాళ్లు చూసి చూసి ఛాయ్ తాగడానికి పోయారు.

ఎప్పుడూ ముందు పాడే మా అమ్మ ఆ రోజు మొదటిసారి వెనక పాడేవాళ్లలో, నా పక్కన తిరుగుతోంది. చప్పట్లు మాత్రమే కొడుతుందనుకున్నాను. వరుస చివరికి వచ్చేసరికి ఆమె పెదవులు కదిలాయి. డాక్టరు మాట దాటకుండా, నాకొక్కదానికే వినపడేంత చిన్నగా ఒకే మాట అంటోంది. ఉయ్యాలో. పనికిరాదని నేను తీసి పారేసిన మాట. ఆ సాయంత్రం మా అమ్మ పాడిందల్లా అదొక్కటే.