పూర్తయిపోయిన సోలార్ మోటారు కోసం హిందూపురం నుంచి ధర్మవరం దాకా

పెనుకొండ దగ్గర పల్లెలో మా చిన్నాయన ఓబులేసుకు రెండెకరాల మల్బరీ తోట ఉంది. డీజిల్ ఇంజనుతో నీళ్లు పెట్టి, పట్టుపురుగులు పెంచి, పట్టుగూళ్లు హిందూపురంలో అమ్ముతాడు. పొగ తగ్గాలి, ఎండతోనే నీళ్లు తోడాలి అని పోయిన ప్రభుత్వం ఆయనకు సోలార్ మోటారు మంజూరు చేసింది. ఇనుప స్టాండ్లు పాతారు. వాటిమీద బిగించే సోలార్ పలకలు రాకముందే ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారింది, పని అక్కడే ఆగింది. అదే పథకం కొత్త పేరుతో వచ్చిందని పేపర్లో చదివి, పోయి అడుగుదామన్నది నేనే. ఆ పేపరును ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

పొద్దున ఏడుకు హిందూపురం మార్కెట్లో గూళ్లు అమ్మేసి, తొమ్మిది గంటల బస్సెక్కాం. పెనుకొండకు గంట ప్రయాణం, అరవై రూపాయల లోపే టికెట్టు. దారంతా చిన్నాయన ఒకటే మాట: "పురుగులిచ్చేవాళ్లు శుక్రవారం కొత్తవి తెస్తామంటాండారు. డీజిలు పోసి ఈ ఎండల్లో వాటికి మేత ఆకు పెంచలేనప్పా. ఈరోజు ఏదో ఒకటి తేలాల."

పెనుకొండలో ఆ పథకం చూసే ఆఫీసులో గుమాస్తా కంప్యూటరు చూసి, పని పూర్తయిందన్నాడు. కాలేదన్నాం. ఆయన తెర మా వైపు తిప్పాడు. అందులో స్టాండ్లకు పసుపు, కుంకుమ, పూలదండ. ముందు మా చిన్నాయన.

"ఫోటోలో టెంకాయ కొడతాండేది నువ్వే కదప్పా."

"పలకలు వచ్చేసరికి మంచిరోజు దాటిపోతాదని ముందే కొట్టినా సార్. ఫోటోలో పలకలు యాడుండాయి, చూడండి."

"పూజ అయినాక పని అయినట్లే రాసుకున్నారు. ఒకసారి లబ్ధి పొందినోళ్లకు కొత్త పథకం రాదు. కాలేదని ధర్మవరంలో ఇంజనీరు రాసిస్తే చూస్తాం."

బస్టాండు పక్క హోటల్లో రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాం. చాలా బాగుంది. రోజు మొత్తంలో మాకు అందినది అదొక్కటే. వడ్డిస్తున్న అమ్మ మా మొహాలు చూసి, "ఆఫీసు పనిమీద వచ్చినారా? ఇంగొంచెం సంగటి పెట్టించుకోండి, ఒకరోజుతో అయ్యేది కాదు" అంది.

ధర్మవరానికి మరో గంటన్నర. మగ్గాల చప్పుడు వింటూ వీధులు దాటి మూడున్నరకు ఇంజనీరును పట్టుకున్నాం. మంచివాడే, కుర్చీలు వేయించాడు. పాత పథకం మూసేశారట, కొత్తదానికి తనిఖీ ఉత్తర్వులు రాలేదట. స్థానిక ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి, అవి అయ్యాక రమ్మన్నాడు. చిన్నాయన బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, పురుగులు ఇచ్చేవాళ్లకు ఫోన్ చేశాడు. "ఈ తూరి నాకొద్దప్పా. వేరేవాళ్లకిచ్చేయండి" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన పురుగులు వద్దనడం నేను వినలేదు.

ఎవరు గెలవాలో జనం ఇష్టం. కానీ గెలిచినవాళ్లు వేదికలెక్కి భూమి వేడెక్కుతోందని చెప్పి, కిందికి దిగి ముందువాళ్లు పాతిన స్టాండ్లను వదిలేస్తే ఒళ్లు మండుతుంది. ఎండలు ఫలితాల కోసం ఆగడం లేదు. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను: అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకోనిదే ఆ మెట్లు దిగకండి. మేం నోటిమాట విని తిరిగొచ్చాం. శుక్రవారం వచ్చింది, చిన్నాయన పురుగుల షెడ్డుకు తాళం పడింది.