అందుబాటులోకి వచ్చిన హాస్టల్

మా విశ్వవిద్యాలయం ఏటా ఒక పుస్తకం వేస్తుంది. దాని పేరు వార్షిక ప్రగతి నివేదిక. నున్నటి కాగితం, రంగుల అట్ట, ముందు పేజీల్లో పెద్దల ఫోటోలు. ఇంగ్లీషు పుస్తకం పై ఆఫీసులకు పోతుంది, తెలుగు పుస్తకం మన నాయకులకు పోతుంది. ఆ తెలుగు పుస్తకం రాసేది నేను. జగిత్యాల దగ్గరి పీజీ కాలేజీలో పదహారేళ్ళుగా కాంట్రాక్టు మీద తెలుగు పాఠాలు చెబుతున్నాను. ప్రతి వేసవిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. వానాకాలంలో రిజిస్ట్రార్ గారు సంతకం పెడితే మళ్ళీ మొదలవుతుంది. ఆ సంతకమూ ఈ పుస్తకమూ ఒకే రోజుల్లో ఆయన బల్ల మీదకు రావడంలో విశేషమేమీ లేదని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను.

బయటివాళ్ళకు ఇది రాత పనిలా కనిపిస్తుంది. నిజానికి ఇది కొలతల పని. మా కాలేజీలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఉన్నాయి కాబట్టి మాకు ముగ్గురు నాయకులు. ముగ్గురి ఫోటోలూ ఒకే సైజులో ఉండాలి. ఒక ఏడు అందులో ఒకరిది అర అంగుళం తగ్గింది. ఆయన పీఏ ఫోన్ చేసి, "మా సార్ మీకు గంత చిన్నగ కనబడ్డడా మేడం?" అని అడిగాడు. అప్పటి నుంచి స్కేలు పెట్టి కొలుస్తాను. కప్పే శాలువాలో ఎదుటి పార్టీ రంగు అంచుకు కూడా ఉండకూడదు. బొకేలు వద్దు, పేద పిల్లలకు నోటుబుక్కులు తెండి అని నాయకులే అన్నారని ఇప్పుడు నోటుబుక్కులు మోసుకుపోతున్నాం. ఆ పేద పిల్లలు ఎవరో మాకు తెలియదు. ప్రభుత్వం మారిన ఏడాదైతే పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది. ముందు పేజీలు చింపించి కొత్త ముఖాలతో మళ్ళీ కుట్టించారు. లోపలి ప్రగతి మాత్రం అదే, ఒక్క అక్షరం మారలేదు.

పుస్తకం చేతికి రాగానే రిజిస్ట్రార్ గారు, ఇద్దరు ప్రిన్సిపాళ్ళు, నేను మూడు ఊళ్ళకూ బయలుదేరుతాం. దీన్ని మర్యాదపూర్వక కలయిక అంటారు. క్యాంపు ఆఫీసు వరండాలో రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటాం, లోపల రెండు నిమిషాలు నిలబడి ఫోటో దిగుతాం. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో వస్తుంది. ఇన్నేళ్ళలో ఏ నాయకుడూ ఆ పుస్తకం తెరిచి చదవడం నేను చూడలేదు. అందుకే అందులో ఏం రాసినా పర్వాలేదనే ధైర్యం నాకు వచ్చింది.

ఆ ధైర్యంతోనే ఒక వాక్యం రాశాను.

మా కాలేజీ వెనక ఆడపిల్లల హాస్టల్ ఒకటి కట్టారు. గులాబీ రంగు వేశారు, రిబ్బన్ కత్తిరించారు, రాతి పలక మీద పేర్లు చెక్కించారు. కానీ బోరు వేయలేదు. కరెంటు మీటరు రాలేదు. వార్డెన్ పోస్టు ఎవరూ మంజూరు చేయలేదు. నెల తిరక్కముందే పరీక్షల విభాగం వాళ్ళు పాత జవాబు పత్రాల మూటలు తెచ్చి గదుల్లో పడేసి తాళం పెట్టుకున్నారు. మంచాలు ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా వరండాలో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. నేను మొదట ఉన్నది ఉన్నట్టే రాశాను, భవనం పూర్తయింది, నీరు, విద్యుత్తు కల్పించాల్సి ఉంది అని. రిజిస్ట్రార్ గారు ఆ రెండో సగం కొట్టేయమన్నారు.

"మేడం, రిబ్బన్ కట్ చేసిన సారే రేపు గీ పుస్తకం పట్టుకుంటడు. నీళ్ళు లెవ్వని రాసి ఆయన చేతుల్నే పెడ్తమా?" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. నా మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందని గుర్తుపెట్టుకుని అడిగే మనిషి. ఆయన కొట్టేయమన్నారు, అంతే. కొట్టేసి ఊరుకుని ఉంటే నా తప్పు సగమే అయ్యేది. కానీ సగం కొట్టేసిన వాక్యం బోసిగా కనిపించి నా చెయ్యి ఊరుకోలేదు. "విద్యార్థినుల చిరకాల స్వప్నం సాకారమై, సకల సౌకర్యాలతో కూడిన వసతిగృహం అందుబాటులోకి వచ్చింది" అని తిరగరాశాను. సకల సౌకర్యాల మాట నన్నెవరూ అడగలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. చదువుకుని మురిసిపోయాను కూడా.

అప్పుడు మా కాలేజీలో ఎమ్మెస్సీ బోటనీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ఉండేది. కోనరావుపేట అవతలి పల్లె. తండ్రి దుబాయ్‌లో కూలీ, తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. పొద్దున ఐదున్నరకు ఇంట్లో బయలుదేరి, రెండు బస్సులు మారి కాలేజీకి వచ్చేది. మంగళవారం, శనివారం కొండగట్టు భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంటే దారంతా ఒంటికాలి మీదే. సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యాక నా గదిలో కూర్చునేది, గేటు పక్కనే కాబట్టి బస్సు వస్తే కనిపిస్తుందని. తాను సేకరించిన మొక్కలను పాత పేపర్ల మధ్య ఆరబెట్టి నాకు చూపించేది. ఒకసారి మా కలయిక ఫోటో మీద ఉత్తరేణి కొమ్మ ఎండుతూ ఉంది. "మీ మొఖం మీద పెట్టలే మేడం, జర పక్కకే పెట్టిన" అని నవ్వింది.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం, బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే ఇద్దరు మోటారు సైకిల్ మీద ఆమె వెంటపడ్డారు. ఆమె పరుగెత్తి ఎవరింట్లోనో దూరింది. తల్లి ఆ రోజే తేల్చి చెప్పిందట: "దసరా దాక చూస్త. హాస్టల్ అస్తె ఆడనే ఉండి సదువు. లేకుంటె బంద్ జెయ్యి." తల్లిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ చీకటి దారి నాకూ తెలుసు.

అమ్మాయి ఊరుకోలేదు. పదకొండు మంది ఆడపిల్లలను కూడగట్టి ఒక దరఖాస్తు రాసుకొచ్చి, "తప్పులుంటె చూడుండ్రి మేడం" అని నా చేతికిచ్చింది. నేను దాన్ని మొత్తం తిరగరాశాను. తాళం ఉంది, నీళ్ళు లేవు, కరెంటు లేదు, గదుల నిండా జవాబు పత్రాలున్నాయి. ఒక్క అలంకారం కూడా పెట్టలేదు. నేనంతటితో ఆగలేదు. "ఎల్లుండి మేము నాయకుడిని కలవడానికి పోతున్నం. మీరు కూడా అక్కడికే రండి. సార్ ఉంటరు, రిజిస్ట్రార్ గారూ ఉంటరు, తప్పించుకోవడానికి లేదు" అని నేనే చెప్పాను. నా కోపాన్ని ఆ పిల్లల చేత మోయించాలనుకున్నాను. దానికి ధైర్యమని పేరు పెట్టుకున్నాను.

ఏ ఊరి నాయకుడో చెప్పను. చెప్పినా తేడా ఏమీ ఉండదు.

శాలువా కప్పడం అయింది. నోటుబుక్కుల కట్ట టేబుల్ మీద పెట్టడం, ఫోటో దిగడం అయ్యాయి. అప్పుడు ఆడపిల్లలు లోపలికి వచ్చి దరఖాస్తు ఇచ్చారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. నాకే ఆశ్చర్యమేసింది. రిజిస్ట్రార్ గారు కంగారుగా ముందుకు వంగి, "సార్, హాస్టల్ ముచ్చట మన పుస్తకంలనే ఉన్నది" అని పేజీ తీసి చూపించారు. ఆయన నా వాక్యాన్ని పైకి చదివాడు, చిరకాల స్వప్నం దగ్గర నుంచి.

"మంచిగ రాసిండ్రు. ఎవలు రాసింది?"

"మా తెలుగు మేడమే సార్. గీ మేడమే" అని రిజిస్ట్రార్ గారు నన్ను చూపించారు. అందులో గర్వమే తప్ప కుట్ర లేదు.

దరఖాస్తు ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని నాయకుడు నా వైపు తిరిగాడు. "మేడం, పిల్లలేమో తాళమున్నదంటున్నరు. మీరేమో సకల సౌకర్యాలన్నరు. ఏది నిజం?"

ఆయన అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన కసిరి ఉంటే, పిల్లలను గెంటేయించి ఉంటే, నేను జీవితాంతం ఆయన్ను తిట్టుకుంటూ హాయిగా బతికేదాన్ని. ఆ రోజు నేను ఒక్క మాట చెబితే ఆయన అక్కడే ఎవరికో ఫోన్ చేసేవాడేమో. చేసేవాడు కాదేమో. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను. నా కాంట్రాక్టు ఫైలు ఆ వారమంతా రిజిస్ట్రార్ గారి బల్ల మీదే ఉంది. ఆయన గోడ గడియారం వైపు చూస్తున్నారు. నేను నోటుబుక్కుల కట్ట వైపు చూస్తూ చెప్పాను.

"పుస్తకంల ఉన్నదే నిజం సార్. చిన్న చిన్న పనులు మిగిలినయ్, అంతే."

"ఇన్నవా బిడ్డా? మీ మేడమే చెప్తున్నది" అన్నాడు ఆయన ఆ అమ్మాయితో, నిజంగా సంతోషపడి. "గా చిన్న పనులు కూడ అయితయ్. అప్పటిదాక ఆడోళ్ళకు బస్సు ఫ్రీయే గదా, తిప్పలేమున్నది?" దరఖాస్తు పీఏ చేతికి పోయింది. గదిలో అందరూ నవ్వారు. పిల్లలు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

దసరా దాకా ఆమె కాలేజీకి వచ్చింది. నా గదికి మాత్రం రాలేదు. బస్సు కోసం గేటు బయట ఎండలో నిలబడేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని, లోపలికి పిలవడానికి మొహం చెల్లలేదు. సెలవులయ్యాక రాలేదు. కార్తీకం కూడా వెళ్ళిపోయాక ఫోన్ చేశాను. సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో చేరిందట.

"కంపెనీ వ్యాను మా ఇంటి ముంగటికే అస్తది మేడం. మల్ల దించిపోతది. మా అమ్మకు రంది లేదిప్పుడు" అంది.

వచ్చే ఏడాది మళ్ళీ చేరవచ్చని, పరీక్ష ఫీజు సంగతి నేను చూసుకుంటానని, ఏవేవో చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"మీ నౌకరి సంగతి నాకు ఎర్కనే మేడం. మీరు గట్ల చెప్పిండ్రని నాకు కోపం లేదు. గని, చెప్పేటప్పుడు ఒక్కసారన్న నా దిక్కు చూడకపోతిరి" అంది. వెనక కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తూ ఉంది. బ్రేక్ అయిపోయిందని చెప్పి పెట్టేసింది.

నా కాంట్రాక్టు మీద సంతకం అయింది. హాస్టల్‌కు తాళం అట్లాగే ఉంది. మరుసటి ఏడు పుస్తకంలో కొత్తగా ఒక శీర్షిక చేర్చమన్నారు, విద్యార్థుల ఫిర్యాదులు, వాటి పరిష్కారం అని. పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు అది తప్పకుండా చూస్తారట.

"హాస్టల్ గురించి ఈ ఏడు ఎవలన్న అడిగిండ్రా మేడం?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

గుర్తు చేసుకున్నాను. మిగిలిన పిల్లల్లో ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. నా ముందైతే అసలే ఎత్తలేదు.

"లేదు సార్" అన్నాను.

ఈ ఏడాది వసతిగృహంపై విద్యార్థినుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు అని రాశాను. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో నేను రాసిన పచ్చి నిజం అదొక్కటే.