పిన్నికి లేని మోకాళ్ళ నొప్పులు

మా పిన్ని పోయిందని మొన్న తెల్లవారుతూనే జగ్గయ్యపేట నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "నిద్దట్లోనే పోయిందమ్మాయ్" అన్నాడు. నందిగామలో బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు రాలేదు, సిగ్గేసింది. నేను చేసింది దాచి ఆవిడ మంచితనం రాయలేను.

పిన్ని లెక్కల టీచరు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, లెక్క రాక ఏడ్చేదాన్ని. "ముందు తిను. ఏడుపు సంగతి తర్వాత చూద్దాం" అనేది. ఎర్ర సిరా వాడేది కాదు. తప్పు చేసిన చోట పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఊరుకునేది. ఇవాళ నేనూ బళ్ళో లెక్కలు చెబుతున్నానంటే ఆవిడ చలవే.

ఆవిడ అమ్మమ్మను చిన్నతనంలోనే, సరిహద్దు అవతలి నవాబు సంస్థానంలో ఓ దొర కూతురి పెళ్ళిలో, సారె సామాన్లతో పాటు దాసిగా ఆ పెళ్ళికూతురి అత్తారింటికి పంపేశారట. జీతం లేదు, తిరిగొచ్చే దారి లేదు. ఆ తర్వాతి వాళ్ళు చదువుకుని ఉద్యోగాలు చేసినా, దాసి సంతానమని ఆ ఇంటి పిల్లను చేసుకోవడానికి జనం వెనకాడేవారు. బాబాయి పట్టుబట్టి చేసుకున్నాడు. మా వాళ్ళు మాత్రం ఆవిడ పుట్టింటి ఊసే ఎత్తేవారు కాదు.

మూడేళ్ళ కిందట మా అమ్మాయికి మైలవరం సంబంధం కుదిరింది. "నిశ్చితార్థంలో మీ పిన్ని పుట్టింటి గురించి కూపీ లాగితే?" అన్నారు మా వారు. రావద్దని చెప్పడానికి నేనే వెళ్ళాను. అప్పటికి పిన్ని, నిశ్చితార్థానికి కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"జనం ఎక్కువ పిన్నీ, నీకు శ్రమ..." అని నసిగాను.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "మా అమ్మమ్మ సంగతి బయటపడుద్దనా?"

తల వంచుకున్నాను.

"పంపినోళ్ళని ఎవరూ ఏమీ అనరు చూడు" అంది. చీర మడతపెట్టేస్తూ, "సరేలే. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పు. ముందు తిను" అంది.

తిన్నాను.

పెళ్ళికీ రాలేదు. "నొప్పులు తగ్గాయా అమ్మమ్మా?" అని మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా, "కాస్త నయమే తల్లీ" అనేది.

మొన్న పిన్ని శవం పక్కన కూర్చునుంటే మా వియ్యపురాలు వచ్చి పలకరించింది. "పాపం, మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికీ రాలేకపోయేవారటగా?"

"నొప్పుల్లేవండి. మేమే రావద్దన్నాం" అన్నాను. ఎందుకో కూడా చెప్పేశాను.

ఆవిడ కూర్చున్నచోటు నుంచి కొంచెం వెనక్కి జరిగింది. మా అమ్మాయి అంతా వింది. నా వంక చూడలేదు. వచ్చి, అత్తగారి ఎదుటే పిన్ని తల దగ్గర కూర్చుంది. నుదుటి మీద పడ్డ నెరిసిన జుట్టును వేళ్ళతో పైకి సర్దుతూ ఉండిపోయింది.