అత్తగారింటి పెంకల మీద నేను

రెండు చుక్కల నీళ్లను ఆపబోయి, అత్తగారింట్లకు మొత్తం వానను ఎట్ల పిల్సుకొచ్చిన్నో చెప్త. నవ్వుండ్రి గని, మా ఆమె ముంగట నవ్వకుండ్రి.

అప్పటికి పెండ్లయి రెండు నెల్లు. చొప్పదండిల అత్తగారిది పాత పెంకుటిల్లు. వానకాలం. వంటింట్ల పొయ్యి పక్కన టపటప చుక్కలు పడుతున్నయి. అత్త గిన్నె పెట్టి ఊకుంది. నేను ఊకుంటనా? ఏదన్న ఎట్లయితుందో తెల్వకపోతే నాకు అన్నం సయించది. చుక్క పడేకాడ పైన పెంక మంచిగనే ఉంది. మరి నీళ్లు యాడికెళ్లి వస్తున్నయి?

"రేపు పెంకలు సర్దే మల్లయ్య వస్తడు. నీకెందుకు అల్లుడా?" అన్నడు మామ.

"రెండు నిమిషాల పని మామా!"

వాన జర తెరిపియ్యంగనే బకెట్ నీళ్లు, చెంబు పట్టుకొని ఎక్కిన. ఒక్కో పెంక మీద చెంబెడు పోసుడు, కిందికి ఒర్లుడు.

"అత్తా, పడ్డదా?"

"పడలే బిడ్డా!"

రెండడుగులు జరిగి ఇంకో చెంబు. "ఇప్పుడు?"

"లే! దిగు బిడ్డా, నాచు పట్టి ఉన్నది!"

దిగుతనా? దొంగను పట్టే పోలీసు లెక్క వంగి వంగి కప్పు నడిమి కొప్పు దాక పోయిన.

"ఇప్పుడు పడ్డదా అత్తా?"

ఫట్‌మన్నది. అల్లుని నోట్ల శని ఉంటదంటరు. నాకు కాళ్లల్ల ఉండె. తొడల దాక దిగబడ్డ. మీద నేను, వంటింట్ల నా కాళ్లు.

"ఓ అవ్వో! పడ్డది బిడ్డా, పడ్డది!" అని అత్త ఒక్కటే ఒర్లుడు.

"భయపడకు అవ్వా, గవి నా మొగని కాళ్లే!" అని మా ఆమె.

మామ పైకొచ్చి గుంజితే ఇంకో పది పెంకలు పోయినయి. గప్పుడే వాన మళ్ల అందుకుంది. పొయ్యి ఆరిపోయింది. ఆ పూట కొత్తల్లునికి పక్కింటోళ్లు పంపిన పప్పుచారే దిక్కు. తలెత్తితే ఒట్టు.

తెల్లారి మల్లయ్య ఎక్కిండు. పెంకల సందులకెళ్లి గుప్పెడు వేపాకు తీసి కిందేసిండు.

"గీ ఆకు అడ్డం పడి నీళ్లు లోపలికి మర్లినయి. చీపురుతోని ఊడిస్తే అయిపోతుండె. మరి గింత బొంద ఎవలు పెట్టిండ్రు?"

కింద కూసోని గారెలు తింటున్న నేను పళ్లెంలకు వంగిన. అత్త తొణకలే.

"కోతి దుంకింది మల్లయ్యా."

మల్లయ్య చేతులు చాపి బొందను కొల్సిండు. "గింత కోతా? మన ఊర్ల ఎన్నడు సూడలే!"

"మన ఊరిది కాదు," అన్నది అత్త, నా పళ్లెంల ఇంకో గారె వేసుకుంట. "కొత్తగ వచ్చింది."

ఆ గారె మీద చెయ్యి పెట్టి, తూర్పుకు తిరిగి ఒట్టేసిన: పానం ఉన్నన్ని రోజులు ఏ ఇంటి కప్పూ ఎక్క. ఎవలన్న నిచ్చెన చూపెడితే, దూరంకెళ్లే దండం పెట్టి పోత.